'తోడు' అని పేరు పెట్టిన ఫొటో

2022 వేసవి. కరీంనగర్‌లో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లతో, పాస్‌పోర్ట్ ఫొటోలతో ఇల్లు గడుస్తుంది. ముహూర్తాలు లేని రోజుల్లో నా సంతోషం కోసం ఒక పని పెట్టుకున్నాను. ఖానాపూర్ వైపు వెళ్లే బస్సులెక్కి, ప్రయాణికులకు తెలియకుండా వాళ్ల ఫొటోలు తీసేవాణ్ని. మా వృత్తిలో దీన్ని క్యాండిడ్ అంటారు. కెమెరా చూడగానే మనిషి ముఖం బిగుసుకుంటుంది, తెలియనప్పుడే అసలు ముఖం దొరుకుతుందని నా నమ్మకం.

ఒక మధ్యాహ్నం ఒకావిడ కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతోంది. తల పక్కనున్న మనిషి భుజం మీదికి వాలింది. ఆయన ఆమెను లేపకుండా, కదలకుండా కూర్చున్నాడు. పదకొండు ఫ్రేములు తీశాను. అందులో ఒకటి ఏరి, 'తోడు' అని పేరు పెట్టి, ఆన్‌లైన్‌లో నా స్టూడియో పేజీలో పెట్టాను. నేను తీసినవాటిలో అంతమందికి నచ్చిన ఫొటో మరొకటి లేదు.

పది రోజులకు ఆవిడే స్టూడియోకు వచ్చింది. పేరు రాజమణి. ఫోన్‌లో ఆ ఫొటో చూపించి, "గిది తీసింది నువ్వేనా?" అంది.

"నేనే. కాపీ కావాల్నా?" అన్నాను. మెచ్చుకోవడానికి వచ్చిందనే అనుకున్నాను.

"గాయిన ఎవరో నాకు తెల్వదన్నా. మూడు రోజులు మా అత్తతోని దవాఖానల ఉన్న. కన్ను మూయలే. బస్సుల నిద్రవట్టింది, గంతే. నువ్వేమో తోడు అని రాసినవు."

వాళ్ల ఊళ్లో ఎవరో ఆ ఫొటోను ఊరి గ్రూపులో పంపారు. అక్కణ్నుంచి అది మస్కట్‌లో ఉన్న ఆమె భర్తకు చేరింది. "ఎవడు వాడు అని రోజూ అడుగుతుండు" అంది.

"పరేషాన్ కాకు చెల్లె. ఆయన కోరుట్లల ఎక్కింది, మెట్‌పల్లిల దిగింది నేను చూసిన. మీ ఆయనతోని నేను మాట్లాడ్త" అన్నాను.

"వద్దు. నేను జెప్తె నమ్మనోడు నువ్వు జెప్తె నమ్మితే నాకు ఇంకింత బాధ. ఫొటోలన్నీ నా ముంగటనే తీసెయ్యి."

ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పేజీలోంచి, కంప్యూటర్‌లోంచి, మెమరీ కార్డ్‌లోంచి పదకొండూ తీసేశాను. ఊళ్లో వాళ్ల ఫోన్లలో ఉన్నవి మాత్రం నేను తీయలేనని చెప్పాను. "తెలుసు" అని లేచి వెళ్లిపోయింది.

మరుసటి ఏడాది మెట్‌పల్లి బస్టాండులో మళ్లీ కనిపించింది. ఇంట్లో ఎలా ఉందని భయపడుతూనే అడిగాను.

"మా అత్త మా ఆయనకు ఫోన్ జేసి తిట్టింది. 'నా పక్కన మేలుకొని కూసున్నది నీ పెండ్లామేరా' అన్నది. గప్పుడు ఊకున్నడు. గని ఆర్నెల్లు, నేను బస్సెక్కితే చాలు, పక్కన ఎవరు కూసున్నరని అడిగిండు." ఆగి ఉన్న బస్సుల వైపు చూస్తూ అంది, "ఇప్పుడు బస్సుల నాకు నిద్ర రాదన్నా."

ఇప్పటికీ బస్సుల్లో ఫొటోలు తీస్తున్నాను, కానీ అడిగి తీస్తున్నాను. చాలామంది వద్దంటారు. సరేనన్నవాళ్లు జుట్టు సర్దుకుని, కొంగు సర్దుకుని, బిగుసుకుని కూర్చుంటారు. నాకు చూపించడానికి వాళ్లు ఒప్పుకున్న ముఖం అదే. అంతకు మించింది నాది కాదు.