సైలెన్సర్ పైపు కాడ రెండు తలకాయలు

"ఆ ఇంజనీరమ్మ ఇయ్యాల గూడ వస్తదా?" అని అడిగిన నేను.

"వస్తది. అయితే ఏంది?" అన్నడు మా ఆయన.

మేం మాట్లాడుకున్న ఆఖరు మాటలు గవే.

భద్రాచలంల మాకు కార్లు బాగుచేసే షెడ్డు ఉండె. సెన్సర్ల కార్లు అప్పుడప్పుడే మా దిక్కు వస్తున్నయ్; వాటి పని మీద ఆ ఇంజనీరమ్మ రోజూ షెడ్డుకు వస్తుండె. ఆ మధ్యాహ్నం బువ్వ క్యారేజి పట్టుకపోతే, సైలెన్సర్ పైపు కాడ ఆమె, మా ఆయన తలకాయలు ఆనిచ్చి ఒక్క మీటర్నే చూసుకుంట నవ్వుతున్నరు. నా కడుపు మండింది. క్యారేజి గడప మీద పెట్టి, పలకరియ్యకుంటనే మర్లొచ్చిన. పొద్దుగూకక ముందే ఆయన గుండె ఆగి పోయిండు.

పదకొండో నాడు ఆ ఇంజనీరమ్మ ఇంటికొస్తే, "ఇంకేం మిగిలిందని వచ్చినవ్?" అని సుట్టాలందరి ముందట అరిసిన.

ఆమె ఏడ్సుకుంటనే చెప్పింది. "అక్కా, పొగల ఆక్సిజన్ ఎంతున్నదో ఒక సెన్సర్ చెప్తది. పైపు సల్లగుంటే తప్పు చెప్తది. వేడి ఎంతున్నదో చూసి ఆ లెక్క సరిజెయ్యాలె. కాలేజీల నాకు అర్థం కానిది అన్న నేర్పిండు. ఆనాడు మీటర్ల ఆ లెక్క కుదిరితె ఇద్దరం సంబురపడ్డం."

సిగ్గుతోని తలొంచుకున్న. కుళ్ళు మాత్రం పోలే. ఆమెకు గంత మంచిగ చెప్పినోడు నాకు ఒక్కనాడన్న చెప్పలే. నేను అడగలే గూడ.

నేను చెప్పిందంత రాసినవా కోడలా? నేను కుళ్ళుకున్న సంగతి తీసెయ్యకు. ఏదీ, ఒకసారి సదివి వినిపియ్యి.