బాపట్ల క్యాంపులో వదిన నడక

షుగరు జబ్బుకి పింఛను ఇవ్వరు. ఆ షుగరు ఒంట్లోంచి ఏదైనా పట్టుకుపోతే, పోయినదాన్ని కొలిచి, లెక్క నలభై శాతానికి వస్తే అప్పుడిస్తారు. ఈ న్యాయం మీద నేను తెనాలిలో వాదించని మనిషి లేడు. నేను నోరు తెరవగానే మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు, పోయింది ఆయన అక్కగారి పాదమే అయినా.

వదినది రేపల్లె. బస్టాండు పక్క సందులో టిఫిన్ బండి నడిపేది. కుడికాలి బొటనవేలికి చిన్న పుండు లేచింది. షుగరుతో అప్పటికే స్పర్శ పోయిన కాలు, నొప్పి తెలియలేదు. తెలిసేసరికి సగం పాదం తీసెయ్యాల్సి వచ్చింది. పెనం ముందు నిలబడలేక బండి అమ్మేసింది. వాళ్ళాయన అరకొర సంపాదన ఇంటికే చాలదు, ఇక ఇన్సులిన్ కొనాలన్నా తమ్ముణ్ణి అడగాలి. అడగడమంటే ఆవిడకి చావుతో సమానం. వికలాంగుల సర్టిఫికెట్ చేతికొస్తే పింఛను వస్తుంది, ఆ అడిగే పని తప్పుతుంది. అందుకే పోరి పోరి, ఆ సర్టిఫికెట్లకి పరీక్ష చేసే బాపట్ల ఆసుపత్రి క్యాంపుకి బయల్దేరదీశాను.

నేను తెనాలి నుంచి రైల్లో వెళ్ళాను, ఆవిడ రేపల్లె నుంచి బస్సులో వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర ఆవిణ్ణి చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. గంజి పెట్టిన నేత చీర, నేల దాకా కుచ్చిళ్ళు, తల్లో మల్లెలు. కుడికాలికి సాక్సు, దాని మొనలో వేళ్ళున్నట్టు కుక్కిన దూది.

“ఏంటి వదినా ఈ అవతారం? కర్రేది?”

“ఇంట్లో ఉంది. పదిమందిలోకి వస్తూ దిక్కులేనిదాన్లా వస్తానా?”

“దిక్కులేదని చెప్పుకోడానికేగా వచ్చింది!”

“నోరు తగ్గించు అమ్మాయ్. లోపలికి వినబడుద్ది.”

మా వైపు ఆడవాళ్ళకి ఇదొక జబ్బు. దీనికీ పింఛను లేదు. సాయం అడగడానికి వెళ్ళేటప్పుడే బీరువాలోంచి మంచి చీర తీస్తారు. ఎలా ఉన్నారని ఎవరడిగినా, ఆలోచించకుండా బాగున్నామనేస్తారు.

లోపల డాక్టరు కుర్రవాడే. “ఎలా ఉన్నారమ్మా?” అన్నాడు.

“మీ దయ వల్ల బాగానే ఉన్నాను బాబూ.”

“నడక కష్టంగా ఉందా?”

“అలవాటైపోయిందండి.”

నేను పళ్ళు కొరికాను. “సార్, ఈవిడ మాట వినకండి. కాలు పోయినా బాగున్నాననే రకం.”

“మీరు కాస్త ఆగండమ్మా,” అని నన్ను ఆపి, “ఆ సాక్సు విప్పి, గోడ దాకా నడిచి చూపించండి” అన్నాడు వదినతో.

వదిన మొహం పాలిపోయింది. ఆపరేషనయ్యాక ఆవిడ పేరంటాలకి వెళ్ళడమే మానేసింది. అక్కడ పిలిచినవాళ్ళు కాళ్ళకి పసుపు రాస్తారు, చీర అంచు ఎత్తాలి కదా. ఆ పాదాన్ని మా ఇంట్లో ఎవరమూ చూడలేదు.

నెమ్మదిగా సాక్సు లాగింది. పాదం సగంలో ఆగిపోయింది. అడ్డంగా కుట్ల గీత. ఆ గీత అంచు దాకా పసుపు. రెండో పాదానికి రాసినంత శ్రద్ధగా, నున్నగా, పొద్దున్నే రాసుకున్న పసుపు. సాక్సు లోపల, ఎవరి కంటా పడని చోట.

పోయినదాని కోసం నేను ఊరంతా తగువులాడుతుంటే, ఈవిడ మిగిలినదాన్ని ముత్తయిదువ పాదంలాగే చూసుకుంటోంది.

అడుగు వేసింది. దూది లేని పాదం నేల మీద నిలవక, మనిషి మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది. చప్పున నా భుజం పట్టుకుంది. కర్రని కూడా గుమ్మం దాటనివ్వని మనిషి నా మీద బరువు వేసింది. ఎంత బరువో. అంత బరువుని ఆ సగం పాదం ఇన్నాళ్ళూ చడీచప్పుడు లేకుండా మోసిందా అనుకున్నాను.

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. “చాలమ్మా, కూర్చోండి. మీకు వస్తుంది. నేను రాస్తాను.”

“ఉండండి బాబూ,” అంది వదిన రొప్పుతూ. “గోడ దాకా అన్నారుగా.”

నా భుజం వదిలేసింది. ఒరుగుతూ, నిలదొక్కుకుంటూ, మళ్ళీ ఒరుగుతూ వెళ్ళింది. పట్టుకోవడానికి చేతులు చాచిన డాక్టరు అలాగే ఉండిపోయాడు, నేనూ అలాగే ఉండిపోయాను. ఆవిడ అరచేత్తో గోడని తాకి, కుచ్చిళ్ళు సర్దుకుని, మా వైపు తిరిగింది.