మాధవి చేసిన సరెండర్ ఫోన్లు

మాధవి ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య ఫోను బోర్డును పట్టుకుని, సోల్డరింగ్ కడ్డీ మొనను దానికి ఆనించీ ఆనించనట్టు తాకించింది. సన్నటి పొగ లేచింది. కౌంటరుకు అవతల నిలబడ్డ వంశీ వంగి ఆ పొగను ఊదాడు.

"ఊదొద్దురా. ఇదేమన్నా మీ హాస్టల్ ఉప్మానా, చల్లారేదానికి?"

"టైమైతాంది అక్కా. సాయంత్రం వార్డెన్ సారు ముందర వరసలో నిలబడాల."

"నిలబడుదువులే. పీనుగను ముస్తాబు చేసేటప్పుడు తొందర పెట్టకూడదు."

బోర్డును ఫోనులో కూర్చి, బ్యాటరీ తగిలించి, మూత బిగించి బటన్ నొక్కింది. తెర వెలిగింది. కంపెనీ పేరు వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది.

"సచ్చింది!" అన్నాడు వంశీ సంబరంగా.

"సావలేదు. ఊపిరుంది, లేచేది లేదు. మీ సారుకు ఆ మాత్రం చాలు కదా?"

వంశీ చదివేది గిద్దలూరు దాటాక రోడ్డు వారగా ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. హాస్టలు కూడా ఆ ఆవరణలోనే. గేటు పక్కన విద్యార్థుల క్రమశిక్షణ నియమాలు రాసిన పెద్ద బోర్డు ఉంటుంది. విద్యార్థులు గుంపులుగా నిలబడరాదని ఒక నియమం. ఒంటరిగా తిరగరాదని దాని కిందిది. మెస్‌లో వడ్డించిన పదార్థాల మీద అభిప్రాయాలు వెలిబుచ్చరాదు. పుట్టినరోజున ఎవరి ముఖానికీ కేకు పూయరాదు. బోర్డులో చోటు అయిపోయాక పుట్టిన నియమాలను పక్కనే గోడ మీద రాయించారు. గోడ చాలా పొడుగ్గా ఉంది కాబట్టి ఆ విషయంలో కాలేజీకి ఇప్పట్లో ఇబ్బంది లేదు.

ఫోను నియమం అన్నిటికంటే పైన, ఎర్రరంగులో ఉంటుంది. హాస్టల్లో చేరే రోజున ప్రతి విద్యార్థీ తన ఫోను వార్డెనుకు అప్పగించాలి. పరీక్షలయ్యాక తల్లిదండ్రుల ఎదుట 'తీసుకున్న స్థితిలోనే' తిరిగి ఇస్తారు. దాచుకుని పట్టుబడితే టీసీ ఇచ్చి ఇంటికి పంపుతారు.

వార్డెన్ ఫణికృష్ణ కామర్స్ లెక్చరరు, కంభం మనిషి. తను అబద్ధమాడడు, ఎదుటివాడు ఆడతాడని అనుకోడు. పిల్లవాడు ఫోను ఇస్తే బటన్ నొక్కి చూస్తాడు. తెర వెలిగితే ఆపేసి, వెనక పేరు రాసిన స్టిక్కరు అంటించి బీరువాలో పెడతాడు. లాకు తీయించి లోపల ఏముందో చూడటం మర్యాద కాదని అతని నమ్మకం. మాధవి వ్యాపారంలో కొంతభాగం ఆ మర్యాద మీదే నడుస్తోంది. పిల్లలు అసలు ఫోను ట్రంకుపెట్టె అడుగున దాచుకుని, మాధవి దగ్గర కొన్న చచ్చిన ఫోనును వార్డెనుకు అప్పగిస్తారు. దాన్ని సరెండర్ ఫోను అంటారు.

అది అడ్డగోలు పని అని మాధవికి తెలుసు. అడ్డగోలు పనినైనా అడ్డదిడ్డంగా చేయడం ఆమెకు చేతకాదు. ఇంకో దుకాణంవాడు ఖాళీ డొల్లలో అట్టముక్క పెట్టి అమ్మితే, ఒక పిల్లవాడు గేటు దగ్గరే దొరికిపోయాడు. "బరువు లేని ఫోనును కళ్ళు నమ్మినా చెయ్యి నమ్మదు" అని మాధవి వారం రోజులు ఆ దుకాణంవాణ్ణి తిట్టింది. తను ఇచ్చే ఫోనులో బోర్డు ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, బటన్ టిక్కుమని నొక్కుకుంటుంది. ప్రాణమొక్కటే ఉండదు.

ఆమెది రాచర్ల దగ్గర మెట్టపల్లె. నాయన పిచ్చయ్యకు కొంచెం పొలం, ఒక బోరు. బోరు స్టార్టరు కాలిపోయినప్పుడల్లా మెకానిక్కు కోసం పైరు వాడిపోయేదాకా ఎదురుచూడటం ఆ ఇంట్లో అలవాటు. ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి మాధవి విసిగిపోయి స్టార్టరు పెట్టె తనే విప్పింది. పిచ్చయ్య దూరంగా నిలబడి దేవుళ్ళకు మొక్కుకున్నాడు. మోటారు తిరిగింది. పిచ్చయ్య కొబ్బరికాయ దేవుడికే కొట్టాడు.

పెళ్ళయి గిద్దలూరు వచ్చాక రీఛార్జి దుకాణంలో కూర్చునేది. అదే దుకాణంలో మరో బల్ల దగ్గర ఫోన్లు బాగుచేసేవాడి చేతులను చూస్తూ ఉండేది. అతను హైదరాబాదు పోతూ సామాను అమ్మేస్తే కొనేసింది. మొదట విప్పింది అత్తగారి ఫోను. అది మళ్ళీ మోగలేదు. అత్తగారు చాలా రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత విప్పినవాటిలో మోగనివి తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు రాచర్ల ఆటోలు ఆగేచోట సొంత దుకాణం. బోర్డు మీద పేరు తప్ప గొప్పలేమీ రాయించలేదు.

ఫోన్లు బీరువాలో చేరిన పది నెలలకు, ఏప్రిల్లో ఒక గురువారం పొద్దున ఆ దుకాణం ముందు స్కూటరు ఆగింది. ఫణికృష్ణ దిగి, ముందు కొక్కేనికి తగిలించిన బియ్యం సంచిని రెండు చేతులతో తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"మాధవిగారంటే మీరేనామ్మా? మా హాస్టలు పిల్లలంతా మీ పేరే చెప్పినారు. గిద్దలూరులో మీ అంత బాగా చేసేవాళ్ళు లేరంట."

"అందరూ అదే చెప్పినారా సార్?"

"అందరూ. మామూలుగా వాళ్ళు ఒకమాట మీద ఉండరు."

మాధవి సంచి మూతి విప్పింది. లోపలి నుంచి కలరా ఉండల వాసన గుప్పుమంది. వరసగా పేర్చిన ఫోన్లు. ఒకదాన్ని చేతిలోకి తీసుకోగానే ఎప్పుడు చేసిందో గుర్తొచ్చింది. రెండోదీ అంతే. జూన్‌లో తన చేతుల మీదుగా వెళ్ళినవే ఇవన్నీ. ఇప్పుడు తన చేతుల్లోకే వచ్చాయి.

"ఏమైంది సార్ వీటికి?" అంది, ముఖం వీలైనంత మామూలుగా పెట్టి.

"ఆదివారం పేరెంట్స్ మీటింగు. అందరి ముందర తిరిగియ్యాల. ఛార్జింగ్ పెడదామని తీస్తే ఒక్కటీ లేవలేదు. కొన్ని పేరు దాకా వచ్చి నిలిచిపోతాయి. కొన్ని అది కూడా లేదు. రేకుల గది కదా, వేడికేమో అనుకుంటున్నా. బొద్దింకలు పట్టకుండా కలరా ఉండలు వేసినా. ప్రతి ఆదివారం మెత్తటి గుడ్డతో తుడిచినా. ఇంకేం చెయ్యాలమ్మా మనిషి?"

తను అమ్మిన పీనుగలకు ఈ మనిషి ఏడాది పొడుగునా సేవ చేశాడని మాధవి అనుకోలేదు. ఇంకో ఫోను తిప్పి చూసింది.

"మా చైర్మన్ లక్ష్మీనరసయ్య గారికి రైసుమిల్లు ఉంది. లెక్కంటే లెక్కే ఆయనకు. 'తీసుకున్న స్థితిలోనే ఇస్తామని రాయించింది నువ్వే కదా ఫణీ. ఇయ్యలేకపోతే సోమవారం నుంచి నువ్వు రాబాకు' అన్నాడు. నాది కాంట్రాక్టు ఉద్యోగం."

తీసుకున్న స్థితిలోనే ఉన్నాయి సార్, వెంట్రుకవాసి తేడా లేదు, అన్న మాట మాధవి నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఈయన ఉద్యోగం నిలుస్తుంది, పిల్లలందరికీ టీసీలు చేతికొస్తాయి. బాగుకావని చెబితే పిల్లలు బతుకుతారు, ఈయన కంభం బస్సెక్కుతాడు.

"పెట్టిపోండి సార్. శనివారం మధ్యాన్నం రండి."

"లేస్తాయా?"

"లేపుతా."

"అసలు ఎందుకు పోయినాయంటారు?"

"నా దగ్గర పోస్టుమార్టం లేదు సార్. లేపడమే."

స్కూటరు మలుపు తిరగగానే ఆమె వంశీకి ఫోను చేసింది. వాడు వెంటనే ఎత్తాడు.

"ఏరా, నీ ఫోను నా బల్ల మీద ఉంటే నువ్వెట్ల మాట్లాడుతున్నావు?"

మధ్యాహ్న భోజన విరామంలో వంశీ వచ్చాడు. సంచిని చూసి నవ్వబోయి, మాధవి ముఖం చూసి మానుకున్నాడు. ఆమె అంతా చెప్పింది.

"పోతే పోనీ అక్కా," అన్నాడు వాడు. "ఇంకో సారు వస్తాడు."

"వస్తాడు. వచ్చినోడు బటన్ నొక్కి ఊరుకుంటాడనుకున్నావా? లాకు తీయమంటాడు. లోపల బొమ్మలన్నీ చూస్తాడు. నీ ట్రంకుపెట్టె కూడా తీయిస్తాడు."

వంశీ ముఖంలో వార్డెన్ మీద ఉన్నట్టుండి గౌరవం కనిపించింది. "ఫణి సారు చానా మంచోడక్కా."

"అందుకే చెప్తున్నా. చచ్చిన బోర్డులకు విడిభాగాలు కావాల, బ్యాటరీలు కావాల. రేపు పొద్దున రైలుకు నంద్యాల పోయి నేను చెప్పినవి పట్టుకురా. ఖర్చు మీ అందరిదీ. కూలి నేను అడగను."

"వాటికి మేము ఖర్చు పెట్టేదేందక్కా? అవేమన్నా మా ఫోన్లా?"

"వెనక స్టిక్కరు మీద ఉండేది నా పేరా?"

వాడు ఒక ఫోను తిప్పి చూసుకున్నాడు. చక్కటి గుండ్రటి అక్షరాలతో తన పేరు, ఇంటిపేరుతో సహా.

"ఆదివారం మా నాయన చూసి, ఇది నేను కొనిచ్చిన ఫోను కాదంటే?"

"అది నువ్వు చెప్పుకో. ఆ రిపేరు నాకు రాదు."

వంశీ పోయాక మాధవి సంచిని బల్ల మీద బోర్లించింది. అడుగు నుంచి జారిన ఒక ఫోను తనది కాదు. మంచి ఫోను. బ్యాటరీ పూరీలా ఉబ్బి తెరను ఒకవైపు పైకి లేపేసింది. స్టిక్కరు మీద అశోక్ అనే పేరు, అర్ధవీడు అనే ఊరు ఉన్నాయి. హాస్టలు మొత్తం మీద నియమాన్ని పాటించినవాడు ఇతనొక్కడే. వాడకుండా పడేసి ఉంచినందుకు నిజంగా చచ్చిపోయింది కూడా ఇతని ఫోనొక్కటే.

మాధవి మిగతావన్నీ పక్కకు జరిపి దాన్ని ముందు పెట్టుకుంది. ఉబ్బిన బ్యాటరీ కింద ఇనుప మొన గుచ్చుకుంటే భగ్గుమంటుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములోంచి సన్నగా కోసుకున్న ముక్కను అంచు వెంబడి దూర్చి, జిగురు మీద చుక్కచుక్కగా థిన్నరు వదులుతూ, బ్యాటరీ తనంతట తను వదులయ్యేదాకా ఓపిక పట్టింది. దుకాణంలో ఉన్న కొత్తది పెట్టి, తెర నొక్కి, రబ్బరు బ్యాండ్లు చుట్టి ఆరనిచ్చింది.

మిగతావాటికి ఎక్కువ ఇబ్బంది పడింది. వేరేవాళ్ళు పాడుచేసింది బాగుచేయడం తేలిక, ఎక్కడో ఒకచోట వాళ్ళ తొందర దొరుకుతుంది. ఇవి తను తీరిగ్గా చంపినవి. ఎక్కడ తీగ తెంచిందో అక్కడ ఎంత నీటుగా తెంచిందంటే, మళ్ళీ అతికించడానికి కొస కూడా మిగల్లేదు. తన పనితనాన్ని తనే తిట్టుకుంటూ, నంద్యాల నుంచి వచ్చిన పాత బోర్డుల్లోంచి ఒక్కో భాగాన్ని వేడిగాలికి లేపి వీటి మీద కూర్చోబెట్టింది. వంశీ ఫోను అన్నిటికంటే మొండికేసింది. రెండుసార్లు లేచినట్టే లేచి పడిపోయింది. దాని బోర్డు మొత్తం తీసేసి వేరేది వేసింది. వీటన్నిటికీ కొత్తగా సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. శనివారం మధ్యాహ్నానికి కాళ్ళు చాపుకోవడం తప్ప చేయాల్సిన పని మిగల్లేదు.

ఫణికృష్ణ వచ్చేసరికి ఫోన్లన్నీ కౌంటరు మీద వరసగా ఉన్నాయి.

"మీరే నొక్కి చూసుకోండి సార్."

అతను ఒక్కోదాని బటన్ నొక్కుతూ వెళ్ళాడు. ఒక్కోటి తన కంపెనీ పాట పాడుతూ లేచింది. పేరు దగ్గర ఏదీ ఆగలేదు. మాధవి ఒక సిమ్ము మార్చి మార్చి వేస్తుంటే అతను తన ఫోను నుంచి చేశాడు. ప్రతిదీ మోగింది. అతని భుజాలు కిందికి దిగాయి. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, అలవాటుగా అదే గుడ్డతో ఒక ఫోను తెర కూడా తుడిచాడు. తుడుస్తూ ఆ తెర వైపు చూసి ఆగిపోయాడు. పక్కది చూశాడు. దాని పక్కది చూశాడు.

"మాధవిగారూ, డిగ్రీ చదివే పిల్లోని ఫోనులో ఒక్క ఫోటో లేదేందమ్మా?"

"సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించినా సార్. పాతవి ఉండవు."

"అన్నిట్లోనూ అంతేనా?"

"ఒక్కదాంట్లో ఉన్నాయి." ఆమె అశోక్ ఫోనును ముందుకు జరిపింది. లాకు తీయకుండానే తెర మీద ఒక పొట్టేలు, దాని కొమ్ము పట్టుకుని నవ్వుతున్న పిల్లవాడు కనిపించారు.

ఫణికృష్ణ పొట్టేలును చాలాసేపు చూశాడు. ఆ తరువాత తన చేతిరాతతో ఉన్న స్టిక్కర్లను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయాడు. కామర్స్ లెక్చరరుకు లెక్క తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"పీనుగలకు కలరా ఉండలు వేసినానన్నమాట."

మాధవి బ్రష్షుతో బల్ల మీద దుమ్ము ఊడ్చింది.

"నేనేం అడగను," అన్నాడు అతను. "అడిగితే టీసీలు రాయాల. రాస్తే హాస్టల్లో నేనూ ఆ అశోకూ మిగుల్తాం. ఆదివారం అన్నీ వెలిగితే చాలు." చొక్కా సర్దుకుని వార్డెన్ గొంతు తెచ్చుకున్నాడు. "వచ్చే సంవత్సరం నుంచి మాత్రం నా ముందర లాకు తీయించి, దాంట్లోంచి ఇంటికి మాట్లాడించి, అప్పుడు తీసుకుంటా."

"ముందే చెప్పినారు, మంచిదైంది సార్," అంది మాధవి. "మాట్లాడేటివి కూడా తయారు చేస్తాం."

అతను నవ్వకూడదనుకున్నాడు, కానీ కుదరలేదు. ఆమె ఫోన్లన్నీ ఆపేసి, ఒక్కోదానికీ మధ్య కాగితం మడిచి పెట్టి, అశోక్‌ది నలక్కుండా అన్నిటికంటే పైన ఉంచింది. సంచి మూతి పురికొసతో కట్టి అతని చేతికి అందించింది.