యాభయ్యేళ్ళ పెట్టె మీద బాబాయి కోపం

చిర్రుబుర్రు బాబాయికి లోకంలో ఒకే ఒక్క విషయం మీద కోపం. పాత రాక్ రికార్డులకి పాతికేళ్ళు నిండాయనో, నలభయ్యేళ్ళు నిండాయనో కంపెనీలవాళ్ళు వాటినే కొత్త పెట్టెల్లో పెట్టి మళ్ళీ అమ్మడం ఆయన సహించలేడు. మిగతా విషయాల్లో మనిషి వెన్నపూస. ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమించమంటాడు. పక్కింటి కుక్క రోజూ ఆయన చెప్పు ఎత్తుకుపోయి కొరుకుతుంటే, దాని పళ్ళు నొప్పి పుడతాయేమోనని మెత్తటి చెప్పులు కొన్నాడు. అలాంటివాడు ఫలానా రికార్డు మళ్ళీ వస్తోందని వింటే చాలు, చెవుల తమ్మెల దాకా ఎర్రబడిపోతాడు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ పెట్టె కొట్టుకి వచ్చిన రోజున, షట్టరు ఎత్తకముందే వచ్చి నిలబడేదీ ఆయనే, మొదటి పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళేదీ ఆయనే.

ఈ కోపాన్ని భరించాల్సింది రికార్డుల కొట్టు అమ్మాయి. అమ్మాయి అంటే నలభై దాటిన మనిషే. తండ్రి పోయాక కొట్టు ఆమెకి వచ్చింది, కొట్టుతో పాటు తండ్రి స్నేహితుడైన బాబాయీ వచ్చాడు. అల్మరాలన్నీ దులిపి, తుడిచి, తన పద్ధతిలో సర్దుకుంది గానీ బాబాయిని మాత్రం ఎక్కడ సర్దాలో ఆమెకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆయన ముప్పై ఆరేళ్ళు లిఫ్టు మెకానిక్కు. ఐదో అంతస్తులో తీగతాడు కాస్త ఒరుసుకుంటుంటే కింద గేటు దగ్గర టీ తాగుతూ కనిపెట్టేసేవాడట. దేవుడిచ్చిన అలాంటి చెవులతో రికార్డులు వింటుంటే ఇక కంపెనీలవాళ్ళు బతికి బట్టకడతారా? ఒక పాతికేళ్ళ ప్రతిలో, పాటకి ముందు గాయకుడు గొంతు సవరించుకునే చప్పుడు తీసేశారని ఆయన నెల రోజులు ఊగిపోయాడు. వాడు దగ్గితేనే గదా పాట వస్తోందని తెలిసేది, ఇప్పుడు చెప్పాపెట్టకుండా మీద పడుతున్నాడని ఆయన బాధ. ఇంకోసారి అట్ట మీద ఫోటో కత్తిరించేటప్పుడు డ్రమ్ములవాడి మోచెయ్యి పోయింది. మోచెయ్యి లేకుండా వాడు డ్రమ్ములు ఎలా వాయించాడో కనుక్కుని చెప్పమని కొట్టు అమ్మాయి మీద పడ్డాడు. ఆ తర్వాత వచ్చిన పెట్టెలో అదనంగా ఒక రికార్డు ఉంది. అందులో ఏడు నిమిషాల పాటు గిటార్లు శ్రుతి చేసుకోవడం తప్ప ఇంకేమీ లేదు. వాళ్ళు శ్రుతి చేసుకుంటే నేనెందుకు వినాలన్నాడు. పిన్ని చెప్పినదాన్ని బట్టి, ఆ ఏడు నిమిషాలనీ రోజుకి రెండుసార్లు విన్నాడు, రెండుసార్లూ తిట్టాడు.

"అంత నచ్చనప్పుడు కొనకండి బాబాయి," అంది కొట్టు అమ్మాయి ఒకసారి ప్రాణం విసిగి.

"కొనకుండా తిడితే అన్యాయం కదమ్మా," అన్నాడాయన.

ఆ పెట్టెలు జనం ఎందుకు కొంటారో ఆమెకి బాగా తెలుసు. పందొమ్మిదేళ్ళ వయసులో అరిగిపోయిన రికార్డు మీద గరగరల మధ్య విన్న పాటని, ఆ గరగరలు తుడిచేసి మళ్ళీ వినిపిస్తామంటే ఎవరికి ఆశ పుట్టదు? ఇల్లు మారేటప్పుడు తన రికార్డు విరిగిపోయిందని ఒక నర్సమ్మ వస్తుంది. డ్రైవింగు నేర్పే మాస్టారు ఒకాయన, అదే రికార్డు నాలుగు రకాలు ఇంట్లో ఉన్నా, లోపలి పుస్తకంలో కొత్త ఫోటోలున్నాయని ఐదోది పట్టుకెళతాడు. వాళ్ళు పెట్టె విప్పేటప్పుడు ముఖంలో వచ్చే వెలుగు చూడటమే ఆమె పనిలో ఆమెకి ఇష్టమైన భాగం. సరిగ్గా ఆ సమయానికి వెనకనుంచి బాబాయి గొంతు వినిపిస్తుంది. "పెళ్ళిరోజు వచ్చిందని అదే పెళ్ళికూతురికి కొత్త పేరు పెట్టి మళ్ళీ తీసుకొస్తార్రా మీరు?" చేతిలో పెట్టె పట్టుకున్నవాళ్ళు ఒక్క క్షణం ఆలోచనలో పడతారు. కొందరు తిరిగి బల్ల మీద పెట్టేస్తారు.

బాబాయి ఎప్పుడూ ఒంటరిగా రాడు. శనివారం పొద్దున్న పదింటికి బాయిలర్ మావయ్యని వెంటబెట్టుకుని వస్తాడు. మావయ్య ఆసుపత్రి బట్టలుతికే విభాగంలో బాయిలర్ల దగ్గర నలభయ్యేళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషి. పెద్ద శరీరం, చిన్న నవ్వు. కుర్రతనంలో ఇద్దరూ చందా వేసుకుని ఒక రికార్డు కొన్నారు. అట్ట మీద ఇనప మెట్ల బొమ్మ ఉంటుంది. ఒక వారం ఒకడి గదిలో, మరో వారం ఇంకొకడి గదిలో ఉండేది. లిఫ్టులు బాగుచేసేవాడికి మెట్ల రికార్డు ప్రాణమేమిట్రా అని మావయ్య ఆయన్ని ఇప్పటికీ ఏడిపిస్తాడు.

ఆ ఇనప మెట్ల రికార్డుకే ఈసారి యాభై నిండాయి.

కొట్టు అమ్మాయి నెల ముందునుంచే సన్నాహాలు చేసింది. ఆ ఏడంతా అమ్మకాలు నీరసంగా ఉన్నాయి. ఈ ఒక్క పెట్టె గట్టెక్కిస్తుందని ఆమె నమ్మకం. విడుదల రోజున కొట్టు మధ్యలో కుర్చీలు వేసి, మంచి స్పీకర్లు పెట్టి, అందరినీ పిలిచింది. మూడో పాటలో ఒక విశేషం ఉందని కంపెనీవాళ్ళు కరపత్రంలో రాశారు. గిటారు వెనకాల ఎవరో చిన్న గంట నాలుగుసార్లు మోగించారట. యాభయ్యేళ్ళుగా ఆ గంట గరగరల కింద పూడిపోయి ఉంది, ఇప్పుడు పైకి తీశారు. దాంతో ఆమె ఒక ఆట కనిపెట్టింది. గంట వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి.

బాబాయిని పొద్దున్నే పక్కకి పిలిచి, ఈ ఒక్కరోజు నోరు విప్పొద్దని బతిమాలింది. ఆయన సరేనని తలూపాడు. పెట్టె చంకన పెట్టుకుని, మావయ్య పక్కన బుద్ధిగా కూర్చున్నాడు.

మూడో పాట మొదలైంది. గంట మోగింది. నర్సమ్మ చెయ్యి లేచింది, మాస్టారి చెయ్యి లేచింది, గదంతా చేతులు లేచాయి. మావయ్య ఇటూ అటూ చూసి, అందరూ దించేవేళకి తనదీ ఎత్తాడు. ఎవరో నవ్వారు. రెండోసారీ అంతే. మనిషి పరధ్యానంలో ఉన్నాడనుకుని కొట్టు అమ్మాయి సరదాగా పాట ఆపి, ముల్లు వెనక్కి పెట్టింది.

"మావయ్యా, ఈసారి మీరొక్కరే. కళ్ళు మూసుకుని వినండి, ఎవర్నీ చూడకూడదు."

బాబాయి కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "గంటా లేదు, గాడిదగుడ్డూ లేదు. కాగితం మీద గంటని రాస్తే మీ చెవుల్లో గంట మోగుతోంది. ఎత్తిన ప్రతివాడూ అబద్ధాలకోరే. ముందు నువ్వు."

"బాబాయి, కూర్చోండి. అందరికీ వినపడింది."

"అందరికీ పిచ్చి పట్టింది." అంటూనే వెళ్ళి, తిరుగుతున్న రికార్డు మీంచి ముల్లుని చేత్తో లేపేశాడు.

రికార్డుల కొట్టులో అంతకంటే పెద్ద అపచారం లేదు. కొట్టు అమ్మాయికి కళ్ళముందు అంతా ఎర్రగా కనిపించింది. గుమ్మంవైపు వేలు చూపించింది. "బయటికి నడవండి. నాన్నగారి స్నేహితుడని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇంక ఈ గడప తొక్కొద్దు." బాబాయి వెళ్ళి మావయ్య భుజం తట్టి లేపి, ఆయన్ని ముందు నడిపించుకుని వెళ్ళిపోయాడు.

మూడు రోజులైనా ఆమె కోపం చల్లారలేదు. గిన్నె తోముతున్నా, కొట్టులో దుమ్ము దులుపుతున్నా మనసులో బాబాయికి సమాధానాలు చెబుతూనే ఉంది. నాలుగో రోజున పుండు మీద కారం పడింది. లేని గంటకోసం కొనడం ఎందుకని ఇద్దరు మనుషులు పెట్టెలు తిరిగిచ్చేశారు. ఆమె కొట్టు మూసి తిన్నగా బాబాయి ఇంటికి బయల్దేరింది. ఆయన చేత ఆ ఇద్దరి ముందూ నిజం ఒప్పించాలి, అంతే.

రెండో అంతస్తు మెట్ల మీద ఉండగానే మూడో పాట వినిపించింది. గంట దగ్గరికి వచ్చి ఆగింది, మళ్ళీ మొదలైంది, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. తలుపు తీసిన పిన్ని ఆమెని చూసి, నాలుగు రోజులుగా ఇదే వరసని, అన్నం కూడా చల్లారబెట్టుకుని తింటున్నాడని చెప్పి లోపలికి చూపించింది. బాబాయి కళ్ళు మూసుకుని, దేవుడి పటం ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గంట మోగినప్పుడల్లా చూపుడువేలు ఒకటి పైకి లేస్తోంది. ముఖం మాత్రం పసిపిల్లవాడి ముఖంలా ఉంది.

"గంట లేదన్నారు," అంది కొట్టు అమ్మాయి గుమ్మంలోంచి.

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. వెంటనే చెవులు ఎర్రబడ్డాయి. "నాలుగని రాశారు వెధవలు. ఐదున్నాయి. లెక్క పెట్టడం కూడా రానివాళ్ళు రికార్డులెందుకు వేస్తారు?"

"మరి అందరి ముందూ లేదని ఎందుకన్నారు? ఇద్దరు పెట్టెలు తిరిగిచ్చేశారు. నా కొట్టు మూయించడానికా?"

"నువ్వు వాణ్ణి కళ్ళు మూసుకోమన్నావు," అన్నాడు బాబాయి. అరవలేదు. కోపమంతా ఆ నిదానంలోనే ఉంది. "నలభయ్యేళ్ళు ఆ బాయిలర్ల పక్కన నిలబడ్డాడు. సన్నటి శబ్దాలేవీ వాడికి వినపడటం లేదు. నేను కాలింగ్ బెల్లు నొక్కితే తలుపు తీయడు, తలుపు బాదితే తీస్తాడు. వాడింకా గమనించుకోలేదు. పదిమంది ముందు వాడికి ఆ సంగతి నువ్వు చెబుతావా?"

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"కొత్త పెట్టెల్లో ఉండే విశేషాలన్నీ సన్నటివే. ఊపిరి తీసుకోవడం, గంట, తీగ మీద వేలు జారడం. వాడికి వినపడేదంతా పాత రికార్డులోనే ఉంది. కాబట్టి పాతదే మంచిది. కొత్తది దండగ. నేనున్నంతకాలం అంతే."

"అయితే ఈ కోపమంతా మావయ్య కోసమేనా?"

"మూణ్ణాలుగేళ్ళ నుంచి వాడి కోసం," అన్నాడాయన కొంచెం సిగ్గుపడి. "అంతకుముందు ఇరవయ్యేళ్ళూ నాకోసమే. ఆ మోచెయ్యి సంగతి నేనిప్పటికీ క్షమించలేదు."

కొట్టు అమ్మాయి వచ్చిన పని మర్చిపోయి మెట్లు దిగింది. బాబాయి మీద కోపం పోయింది గానీ, అది తన మీదకి మళ్ళింది. చెయ్యెత్తే ఆట కనిపెట్టిన తన తెలివికి దారి పొడుగునా మొట్టికాయలు వేసుకుంది.

శనివారం పదింటికి బాయిలర్ మావయ్య ఒక్కడే వచ్చాడు. కుర్చీ లాక్కుని, బల్లకి బాగా దగ్గరగా కూర్చున్నాడు. ఆమె క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళు నములుతుంటే ఆయనే అందుకున్నాడు.

"వాడు నీకు చెప్పేశాడు గదూ, నా చెవుల సంగతి. నీ ముఖం చూస్తే తెలుస్తోంది."

"మీకు తెలుసా మావయ్యా?"

"నా చెవులు నాకు తెలియకుండా ఎలా పోతాయి? డాక్టరు చెప్పి ఐదేళ్ళయింది. పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను."

"మరి ఆయనకి చెప్పొచ్చు కదా. మీకోసం ఆయన కొట్టులో కొత్త పెట్టెలన్నిటినీ తిడుతున్నారు."

"చెబితే తిట్టడం మానేస్తాడమ్మా," అన్నాడు మావయ్య గాభరాగా. "నాతో అందరూ మెత్తగా మాట్లాడతారు. మా ఆవిడ, పిల్లలు, నువ్వు. అంతా దుప్పటి కింద మాట్లాడుతున్నట్టు ఉంటుంది. వాడొక్కడే, కోపం వచ్చినప్పుడు, ఒక్క అక్షరం పోకుండా వినపడతాడు. వారానికో గంట అలా వింటే నాకు చాలు. వాణ్ణి రానివ్వు తల్లీ."

కొట్టు అమ్మాయికి నవ్వూ, ఇంకేదో కూడా కలిసి వచ్చాయి. నవ్వునే ఉంచుకుని ఫోను తీసింది. బాబాయి ఎత్తగానే, నిన్ననే ఒక నలభయ్యేళ్ళ పెట్టె దిగిందనీ, అందులో పాటల వరస మార్చేశారనీ, చివరి పాటని తెచ్చి మొదట పెట్టారనీ గొంతు పెంచి ఫిర్యాదు చేసింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

పావుగంటలో ఆయన ఆయాసపడుతూ గుమ్మంలో ఉన్నాడు. చెవులు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"చివరి పాట మొదట పెట్టారా? అన్నం తిన్నాక చెయ్యి కడుక్కుంటామా, ముందే కడుక్కుని పోతామా? ఏదీ, చూపించు."

బాయిలర్ మావయ్య తన కుర్చీని చప్పుడు కాకుండా ఆయనవైపుకి కొంచెం తిప్పుకుని, కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చున్నాడు.