లైనింగ్ వేసిన మేజోడు

మా అక్క దర్జీ. లైనింగ్ లేని జాకెట్టు తన కొట్టు దాటితే పరువు పోయినట్టే అనుకునే రకం. ముప్పయ్యో ఏట బస్సు చక్రం కింద పడి ఎడమ కాలు నలిగిపోయింది. మోకాలి కింద తీసేశారు. ఆర్నెల్లు తిరక్కుండానే కుడికాలొక్కదానితో మిషన్ తొక్కుతూ, పక్క కొట్టువాళ్ల కుట్టుకు వంకలు పెడుతూ కూర్చుంది.

కృత్రిమ కాలు అమర్చిన చోట ఒక కోచ్ ఆమె నడక చూసి, లాంగ్ జంప్ నేర్చుకుంటావా అని అడిగాడట. సరేనని వచ్చేసింది. ఉన్న కాలు కూడా విరగ్గొట్టుకుంటావని నేను గోల పెడితే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని నా నోరు మూయించింది. పొద్దున మైదానం, పగలు మిషన్. నాలుగేళ్లలో చిన్నా పెద్దా పోటీలు చాలానే గెలిచింది.

జాతీయ జట్టు ఎంపిక రోజొచ్చింది. తీసుకునేది ఇద్దరినే. వయసు ముప్పయ్యయిదు, ఇక మళ్లీ పిలుపు రాదని కోచ్ ముందే చెప్పేశాడు. పరుగు కోసం చేసిన కృత్రిమ కాలు బిగించే ముందు, మోకాలి కింద మిగిలిన మొండికి ఒక నూలు మేజోడు తొడుక్కోవాలి. ఇంత పెద్ద పోటీకి ఉత్త మేజోడేమిటని అక్క దానికి శాటిన్ లైనింగ్ వేసింది. ఎంత బాగుందో అని మెచ్చుకున్నాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడు జంపులు. మొదటిది జాగ్రత్తగా దూకి నాలుగో స్థానంలో నిలిచింది. రెండోసారి గాల్లో ఉండగానే శాటిన్ జారింది. అక్క ముందుకెళ్లింది, కాలు వెనక ఇసుకలో పడింది. వెనకున్న గుర్తు నుంచే కొలవాలట. అందరూ నవ్వారు, అందరికన్నా ఎక్కువ అక్కే నవ్వింది. నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ బెంచీ దాకా వచ్చింది.

బెంచీ మీద కూర్చుని, మేజోడు తిరగేసి లైనింగ్‌ను పళ్లతో పీకడం మొదలుపెట్టింది. ఓ పట్టాన ఊడి రాలేదు.

"ఇంత గట్టిగా ఎందుకు కుట్టి చచ్చానే" అంది.

ఎలాగో లైనింగ్ పీకేసి, కాలు మళ్లీ బిగించుకుని, మూడోసారి పరుగెత్తి దూకింది. ఇసుకలో బోర్లా పడి, టేపు వైపు చూడకుండా నా వైపు తల తిప్పింది.

"కాలుందా?"

ఆసుపత్రిలో స్పృహ రాగానే నన్ను అడిగింది ఆ మాటే. అప్పుడు గోడ వైపు తిరిగి ఏడ్చానే గానీ జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్లూ ఆ బాధ నన్ను తొలుస్తూనే ఉంది.

"ఉందక్కా, ఉంది" అన్నాను.

జట్టులోకి తీసుకున్నట్టు మైకులో చెప్పేసరికి ఇద్దరం ఇసుకలోనే కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్నాం.