పాట ఎవరు పెంచారు?

నేను ఐదో తరగతి కూడా సరిగా చదవలేదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. ఇంత రాయడం ఇదే మొదలు. తప్పున్నచోట మీరే సరిచేసి చదువుకోండి.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఐదారేళ్లకు మా యజమాని పాత కారు అమ్మి కొత్తది తెచ్చాడు. ఆయన్ని నేను భాయ్ అంటాను. పదేళ్లుగా ఆయన దగ్గరే డ్రైవర్‌ను. విమానం దిగినవాళ్లను ఎక్కించుకుని సిటీలో దించడం నా పని.

పాత కారులో పాటలకు గుండ్రంగా తిప్పే బటన్ ఉండేది. రోడ్డు మీద నుంచి కళ్లు తీయకుండా తిప్పేవాణ్ని. టిక్కుమంటే పాట ఆగినట్టే. కొత్తదాంట్లో బటన్ లేదు, అద్దంలాంటి తెర ఉంది. వేలికి ఏదీ తగలదు, చూసి నొక్కాలి. పైగా కారు ఎక్కడుందో బొమ్మ వేసి చూపిస్తుంది. దానికి తెలిస్తే భాయ్‌కి తెలియదా?

"గీ తెర నన్ను చూస్తదా భాయ్?" అని అడిగాను.

"నిన్ను చూసి ఏం జేస్తది? నువ్వేమన్న హీరోవా?" అని నవ్వాడు.

నవ్వి మాట మార్చాడనుకున్నాను.

దసరా పొద్దున కారు కడిగి పూజ చేశాను. పసుపు తడిపి స్టీరింగుకు, గేరుకు బొట్లు పెట్టాను. ఏటా పాటల బటన్‌కూ పెట్టేవాణ్ని. ఈసారి అది లేదు కాబట్టి తెర మూలకు చిక్కగా ఒకటి పెట్టి విమానాశ్రయానికి పోయాను.

ఒక అక్క ఎక్కింది. తండ్రి దవాఖానలో ఉన్నాడట, ఏడుస్తోంది. తొండుపల్లి దాటాక, సన్నగా వస్తున్న పాట దానంతటదే పెరిగింది. తీన్మార్ డప్పు దెబ్బలు. నా చేయి అలవాటుగా బటన్ ఉండేచోటికి పోయింది, అద్దం తగిలింది. తెర వైపు చూశాను. అంతలో ముందు లారీ ఆగింది. జానెడు దూరంలో బ్రేకు పడింది.

"జర దిల్ ఉన్నదా అన్నా నీకు? మా బాపు గట్లుంటే గీ పాటలా?"

"నేను పెట్టలే అక్కా, ఒట్టు."

"మరి దయ్యం పెట్టిందా?"

కారు పక్కకు ఆపి, వెతికి వెతికి పాట బంద్ చేశాను. ఆమెను దవాఖాన దగ్గర దించానో లేదో, భాయ్ ఫోను.

"పాటలు మంచిగ వస్తున్నయా?"

అంటే తెరలోంచి నన్ను చూస్తున్నాడన్నమాట. ఇంట్లో కూర్చుని ఆయనే పెంచుతున్నాడా? నన్ను నమ్మనివాడి దగ్గర ఎలా పనిచేయను? తాళం ఇచ్చేసి పని మానేద్దామని నేరుగా ఆయన ఇంటికి పోయాను.

భాయ్ కారులోకి వచ్చి తెర వెలిగించాడు. పాట మళ్లీ పెరిగింది. వంగి చూశాడు.

"గీడ పసుపేంది?"

"దసరా బొట్టు భాయ్."

"అరే, తడి తగిలితే వేలు పెట్టిన్రనుకుంటది గిది! పొద్దటిసంది పాట పెంచే గుర్తును నీ బొట్టే నొక్కుతున్నది."

తుడవబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు. "నువ్వే తుడువు. పూజది కదా."

తుడిచాను. పాట పెరగడం ఆగింది.

"కొత్త కారు కదా, పాటలెట్లున్నయని ఊకె ఫోన్ జేసిన. ఇగ చెప్పు, పండుగ పూట ఎందుకొచ్చినవ్?"

"గీ పాట సంగతి చూపిద్దామనే భాయ్."

అది అబద్ధం. పని మానేయడానికి వచ్చానని, ఆయన మీదే అనుమానపడ్డానని చెప్పలేకపోయాను. లోపలికి పిలిచి చాయ్ ఇచ్చాడు. సగం తాగి లేచాను.

ఆ తెర మీద ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. కానీ భాయ్‌ని అనుమానించింది నేనే. ఆయన ఇది చదివితే నన్ను మన్నించాలి. మీరు నా అక్షరాలను మన్నించండి, చాలు.