చెవి అందని పిల్ల

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. క్లాసులో ఎవడైనా దయ్యం అంటే వాడిచేత పదహారో ఎక్కం చెప్పించేదాన్ని, ఆ దెబ్బకి దయ్యం ఊసే ఉండేది కాదు. చర్చిలో ఆడవాళ్ళు "బైబిల్లోనే దయ్యాలున్నాయి కదమ్మా" అనేవారు. అవి అప్పుడే పందుల్లో దూరి నీళ్ళల్లో పడి చచ్చాయి కదా, ఇంకెక్కడివీ అనేదాన్ని. ఇప్పుడూ అదే అంటాను. కాకపోతే ఇదివరకంత గట్టిగా అనలేను.

పలాస నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కొబ్బరితోటల మధ్య మాదొక చిన్న పేట. దాదాపు అందరం బాప్టిస్టు సంఘం వాళ్ళమే. మా బడి చర్చి వరండాలో మొదలైంది. పంతులికి వచ్చే జీతం చాలేది కాదు. అందుకని ఆడవాళ్ళు పొద్దున్న ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం పంతులింటికి చేరేవి. ఆ పంతులు మా నాన్న. నేను పెరిగింది ఆ పిడికిళ్ళ బియ్యంతోనే.

నేను పుట్టకముందే బడికి పెంకుల షెడ్డు వేశారు. ఆ తర్వాత సర్కారు తీసుకుని శ్లాబు గది కట్టింది. పాత గుమ్మం రాయి గట్టిగా ఉందని కొత్త గదికీ దాన్నే పెట్టారు. నాన్న రిటైరైన చాన్నాళ్ళకి బదిలీ మీద నేనే ఆ బడికి టీచరుగా వచ్చాను.

మొన్నటి చలికాలానికి బళ్ళో పదిమంది కూడా మిగల్లేదు. కాస్త ఉన్నవాళ్ళ పిల్లలు కాన్వెంటు వ్యానెక్కారు. లేనివాళ్ళు జీడిపప్పు పనికని పలాస పోయి అక్కడే అద్దెకి దిగారు. వేసవి సెలవుల తర్వాత మిగిలిన పిల్లల్ని రోడ్డు మీది పెద్ద బడిలో కలిపి, మా బడి మూసేస్తామని కబురొచ్చింది. ఆ రోజు నేను ఏడ్చాను. అందులో సిగ్గుపడేదేం లేదు.

ఆ రోజుల్లోనే పిల్లలు ఒక కొత్త ఆట మొదలుపెట్టారు. పొద్దున్నే గుమ్మం ముందు వరసగా నిలబడి, తల మీదుగా చెయ్యి వేసి అవతలి చెవి పట్టుకునేవారు. చెవి అందినవాడు లోపలికి వచ్చేవాడు.

నా ఈడు వాళ్ళకి ఇదేమిటో చెప్పక్కర్లేదు. పుట్టినతేదీ కాగితాలు లేని కాలంలో బళ్ళో చేర్చుకోడానికి అదే పరీక్ష. కుడిచెయ్యి తల మీదుగా ఎడం చెవికి అందితే అయిదేళ్ళు నిండినట్టు లెక్క. ఈ పిల్లలందరికీ ఆధార్ కార్డులున్నాయి. ఆ పరీక్ష సంగతి నేను వాళ్ళకి చెప్పలేదు. తల్లుల్ని అడిగితే వాళ్ళూ చెప్పలేదన్నారు. పైగా ఈ పిల్లలు ఎత్తేది కుడిచెయ్యి కాదు. అందరూ ఎడం చెయ్యే ఎత్తుతున్నారు.

ఎవరు నేర్పారని ఒకటో తరగతి పిల్లనొకదాన్ని అడిగాను.

"ఆ పిల్ల సేత్తంది గదా మేడమ్. గుమ్మం కాడ నిలబడుంటాది. దానికి సెవి అందదు, అందుకే లోనకి రాదు" అంది, ఇవాళ మా ఇంట్లో పప్పు వండారు అన్నంత మామూలుగా.

గుమ్మం దగ్గర ఎవరూ లేరు. పోయి కూర్చోమని కసిరాను. అప్పుడు గమనించాను, పిల్లలు గుమ్మం మధ్యనుంచి నడవడం లేదు. ఎవరికో దారిచ్చినట్టు అందరూ కుడిపక్కకే ఒదిగి నడుస్తున్నారు.

నాన్నకి అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఇంటికొకరు అన్నట్టే ఉంటారు ఈ జబ్బువాళ్ళు. డయాలసిస్‌కి నేనే ఆటోలో తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు తిరిగొస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, పిల్లలు తల మీదుగా చెయ్యేసి చెవి పట్టుకుని ఆడుతున్నారని చెప్పాను. అంతవరకే చెప్పాను.

నాన్న నా వైపు తిరిగాడు. "ఎడం సేత్తోనా అమ్మీ?" అని అడిగాడు.

నీకెలా తెలుసని అడిగాను.

నేను పుట్టకముందు రాహేలు అని ఒక పిల్ల ఉండేదట. కూలివాళ్ళ పిల్ల, ఎడంచేతి వాటం. వయసొచ్చింది గానీ ఎదుగుదల లేదు. బళ్ళో చేర్చుకునే రోజున ఎడం చెయ్యెత్తేది. కుడిచెయ్యమ్మా అని నాన్న దిద్దేవాడు. ఏ చెయ్యయినా చెవికి అందేది కాదు. చెవి అందని పిల్ల పేరు రాసుకుంటే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. అందుకని వచ్చే ఏడు రమ్మనేవాడు. అది ఇంటికి పోయేది కాదు. రోజంతా గుమ్మం అవతలే నిలబడి, లోపలి పిల్లలతో పాటు పాఠం అప్పజెప్పేది. అలా ఏటికేడు తిప్పి పంపుతుండగా, ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయింది.

"పేరు రాసుకోకపోయినా లోన కూసోబెట్టొచ్చు గదా అమ్మీ. ఎవడాపీవోడు?" అన్నాడు నాన్న. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు.

అప్పటికీ నేను నమ్మలేదు. ముసలాళ్ళెవరో చెప్పుకుంటుంటే పిల్లలు విని ఉంటారని సర్దిచెప్పుకున్నాను. కానీ సెలవులు దగ్గరపడే కొద్దీ పిల్లలకి దిగులు పట్టుకుంది. పెద్ద బళ్ళో బల్లలుంటాయి, ఫ్యాన్లుంటాయి, ఆటోలో వెళ్ళొచ్చు అని ఊరించాను.

"మేవెల్లిపోతే అది ఏటైపోద్ది మేడమ్? బడి మూసేత్తే ఇంకెప్పుడు సేరతాది?" అని ఆ ఒకటో తరగతి పిల్ల ఏడుపు మొహంతో అడిగింది. దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

ఆఖరి రోజు నాన్న తనూ వస్తానని పట్టుబట్టాడు. వాచిన కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. నా భుజం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. పిల్లలు ఏ పక్కన చోటు వదులుతారో నేను ఆయనకి చెప్పలేదు. ఆయన సరిగ్గా ఆ పక్కకే తిరిగి, వంగలేక వంగి అన్నాడు.

"సాల్లే అమ్మా, అందీసింది. ఇంక లోనకి రా."

గదిలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే చాప మీద జరిగి కొంచెం చోటు చేశారు. అక్కడొక పలక పెట్టారు. నాన్న గోడ పట్టుకుని బోర్డు మీద అ ఆ రాసి, ఓపిక ఉన్నంతసేపు చెప్పాడు. పిల్లలు అప్పజెప్పారు. తర్వాత నేను ఆ పలక తీసి చూశాను. దాని మీద ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

కానీ ఆ సాయంత్రం పిల్లలు గుమ్మం నిండుగా తోసుకుంటూ బయటికి పరిగెత్తారు. ఎవరూ పక్కకి ఒదగలేదు. ఒకటో తరగతి పిల్ల మాత్రం నా చేతిలో తాళం చూసి ఆగిపోయింది.

"అది లోనే ఉంది మేడమ్" అంది.

నేను తాళం వెయ్యలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఆ వానాకాలం రాకముందే నాన్న పోయాడు.

ఇప్పుడు నేను రోడ్డు మీది బళ్ళో పనిచేస్తున్నాను. పిల్లలు ఆ ఆట మర్చిపోయారు. జల్లు కొట్టి గది పాడైపోతోందని, తాళమైనా వెయ్యవేమని ఊరివాళ్ళు నన్ను తిడుతున్నారు. న్యాయమే. వేద్దామనే వెళ్తాను, గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తాను. ఆ పిల్లలు ఏం చూశారో, నాన్న ఎవర్ని పిలిచాడో నాకు తెలియదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ అన్నేళ్ళు బయట నిలబడ్డ పిల్లని లోపలికి పిలిచి, ఒక్కపూట పాఠం చెప్పి, అందరం వచ్చేశాం. రోజూ పొద్దున్న ఇక్కడ హాజరు వేస్తుంటే, అక్కడ దానికి పాఠం ఎవరు చెప్తున్నారా అనిపిస్తుంది.